పిల్లల పేరు టాటూ, పాత గ్రంథాల అక్షరం: అపోహలు – వాస్తవాలు

అపోహ: బుక్ ఆఫ్ కెల్స్ (అల్లికలతో అలంకరించిన పాత సువార్తల చేతిరాత గ్రంథం) పేజీ ఫొటో ఇస్తే చాలు, ఆ అల్లికంతా మణికట్టు మీద అంగుళంలో వచ్చేస్తుంది.

వాస్తవం: వస్తుంది, కానీ నిలవదు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. క్రీ.శ. 800 ప్రాంతపు ఆ గ్రంథం పేజీ ఎత్తు సుమారు 33 సెం.మీ. అందులో క్రీస్తు పేరుకు గ్రీకు తొలి అక్షరాలున్న కై-రో పేజీని దాదాపు మూడక్షరాలే నింపేశాయి. పైగా రంగు తోలు కాగితం పైన నిలుస్తుంది. టాటూ ఇంకు చర్మం లోపలి పొరలో ఉండి, ఏళ్ళు గడిచేకొద్దీ గీతను లావు చేస్తుంది. ఆన్‌లైన్‌లో తిరిగే ఫొటోలు చాలావరకు అప్పుడే వేసినవి. వాటిని నమ్మకండి, ఐదేళ్ళ కిందట వేసినవి చూపించమనండి.

పేరులో తొలి అక్షరాన్ని మాత్రమే అలంకరించండి, 5 సెం.మీ.కి తగ్గకుండా. మిగతావి సాదాగా, 8 మి.మీ. ఎత్తున చాలు. అల్లికకు రెండు పట్టీలు, గీతల మధ్య కనీసం 2 మి.మీ. ఖాళీ. బయటి గీతకు 5 లేదా 7 సూదుల రౌండ్ లైనర్ (గుండ్రంగా కట్టిన గీతల సూది), చుట్టూ వచ్చే ఎర్ర చుక్కలకు 3 సూదులది. అసలు సైజులో ప్రింట్ తీసి, ప్రతి గీతనూ రెట్టింపు మందం మార్కర్‌తో దిద్దండి. ఎక్కడ ఖాళీ పూడిపోయిందో అక్కడ ముడి తీసేయండి. తీశాక పట్టీ వెంట వేలు పోనిచ్చి చూడండి: ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి వెళ్ళాలి. ఒక్క ముడి తీసినా ఆ వరుస తప్పుతుంది.

అపోహ: మధ్యయుగం అంటే బ్లాక్‌లెటరే (కోణాలు తేలిన, ముదురు గోథిక్ అక్షరం).

కాదు. బ్లాక్‌లెటర్‌లో ఒక రకమైన టెక్స్‌చురాలో ఎం, ఎన్, యు, ఐ పక్కపక్కన పడితే అన్నీ ఒకేలాంటి నిలువు గీతలు. ఆ తికమక తప్పించడానికే లేఖకులు ఐ మీద చిన్న గీత పెట్టారు. పేరులో ఆ అక్షరాలుంటే గుండ్రటి పాత లిపులైన అన్షియల్ గానీ, కెల్స్‌లో వాడిన ఇన్సులర్ గానీ తీసుకోండి.

అపోహ: బంగారు ఇంకు ఉంటుంది.

బంగారు రేకు మెరుపు ఏ ఇంకుకూ రాదు. కెల్స్‌లోనూ బంగారం లేదు, ఆ పసుపు ఆర్పిమెంట్ అనే ఖనిజపు రంగుదే. ఓకర్ పసుపు, అంచున గోధుమ నీడ, మెరుపు పడేచోట వదిలేసిన చర్మం: ఈ మూడే బంగారం.

వారం తిరిగేసరికి పొట్టు లేచి అక్షరం మసకబారిందని కంగారు పడేవాళ్ళకు: మానేటప్పుడు అలాగే ఉంటుంది, గోకకండి. నాలుగు నుంచి ఆరు వారాలయ్యాక చూసి టచప్ చేయించుకోవచ్చు. స్పెల్లింగ్ తప్పుకు మాత్రం టచప్ లేదు. స్టెన్సిల్ (సూది పెట్టే ముందు చర్మం మీద అచ్చువేసే నమూనా) అతికించాక అద్దంలో చూడకండి, తిరగబడి కనిపిస్తుంది. వెనక కెమెరాతో ఫొటో తీసి, జనన ధ్రువపత్రం పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం పైకి చదివించండి.