తాళంచెవి మెలిపడినంత

ఎనిమిది సిలిండర్ల పాత కారున్న పాఠకుడొకరు అడిగారు: "బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు లాగేస్తున్నాయి. పవర్ స్టీరింగ్ పెట్టిద్దామంటే, ఇక రోడ్డు చేతికి తెలియదని అందరూ భయపెడుతున్నారు. నిజమేనా?" దీనికి జవాబు పెన్సిల్ పాటి ఉక్కు కడ్డీలో ఉంది. మొత్తం కారులో నాకు అంతకన్నా ఇష్టమైన వస్తువు లేదు.

అసలు ఆ బరువు ఎక్కడిది? వీల్ అలైన్‌మెంట్ చేసేచోట ముందు చక్రాల కింద బేరింగుల మీద తిరిగే పళ్లేలు పెడతారు. వాటి మీదికి ఎక్కిస్తే అదే కారు స్టీరింగ్ ఎంత సులువుగా తిరుగుతుందో చూసి తీరాలి. ఇంజన్ ఎక్కడికీ పోలేదు, దాని బరువూ తగ్గలేదు. అంటే మన చేతులతో పోట్లాడేది ఆ బరువు కింద నేలకి అదిమిపెట్టుకుని ఉన్న అరచేయంత రబ్బరు. బడిలో టార్క్, అంటే తిప్పే శక్తి, బలం ఇంటూ దూరం అని బోర్డు మీద రాసి వదిలేస్తున్నాం గానీ, పిల్లల చేత ఒకసారి నేల మీద, ఒకసారి పళ్లేల మీద స్టీరింగ్ తిప్పిస్తే పాఠం సగం అయిపోయినట్టే.

లెక్క వేద్దాం. ఒక్కో ముందు చక్రం మీద 450 కిలోలు, టైరు వెడల్పు 20 సెంటీమీటర్లు, చక్రం మలుపు తిరిగే ఇరుసు గీత నేలని తాకే చోటికీ టైరు మధ్యకీ దూరం 5 సెంటీమీటర్లు, ఘర్షణ గుణకం 0.7 అనుకుందాం. వెడల్పు వర్గంలో ఎనిమిదో వంతుకి ఆ దూరం వర్గం కలిపి, వర్గమూలం తీసి, బరువుతోనూ ఘర్షణతోనూ గుణిస్తే చక్రానికి సుమారు 267 న్యూటన్ మీటర్ల టార్క్ వస్తుంది. రెండు చక్రాలకీ కలిపి 535. స్టీరింగ్ బాక్స్, అంటే మన తిప్పుడుని చక్రాలకి అందించే గేర్ల పెట్టె, నిష్పత్తి 20 అయితే 27కి దిగుతుంది, కీళ్లలో 30 శాతం పోతుందనుకుంటే మళ్లీ 38కి ఎక్కుతుంది. 40 సెంటీమీటర్ల స్టీరింగ్ అంచు మీద అది 19 కిలోలకి పైగా బలం! బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేసి ఆ 5ని 8 చేస్తే ఇంకో 23 శాతం పెరుగుతుంది. బండి కదిలితే మాత్రం మెలిపడిన రబ్బరు నేల వదిలి వెళ్లిపోయి కొత్త రబ్బరు వస్తూ ఉంటుంది కాబట్టి మెలిక పేరుకోదు. "ఆగిన బండి స్టీరింగ్ తిప్పొద్దు" అనే పాత డ్రైవర్ల మాట మూఢనమ్మకం కాదు, మంచి భౌతికశాస్త్రం.

ఇక కడ్డీ సంగతి. బిగుసుకుపోయిన తాళంలో తాళంచెవి తిప్పండి. తాళం కదలకముందే చెవి రవ్వంత మెలిపడుతుంది. తాళం ఎంత మొరాయిస్తే అంత మెలిక. ఆ మెలికని కనిపెట్టి, అదే వైపుకి తాళాన్ని తోసే బలమైన చెయ్యి ఇంకొకటి ఉందనుకోండి. పవర్ స్టీరింగ్ అదే. కడ్డీ పై కొస మీ చేతిది, కింది కొస చక్రాలది. చుట్టూ గాళ్లున్న రెండు గొట్టాలు ఒకదాంట్లో ఒకటి ఉంటాయి, ఒకటి పై కొసతో, రెండోది కింది కొసతో తిరుగుతుంది. చక్రాలు మొరాయించకపోతే ఇంజన్ బెల్టుతో తిరిగే పంపు నుంచి వచ్చే ఆయిల్ అన్ని గాళ్లలోంచీ సమానంగా పారి ట్యాంకుకి తిరిగిపోతుంది. మొరాయిస్తే కడ్డీ కొద్ది డిగ్రీలు మెలిపడి ఒకవైపు గాళ్లు మూసుకుంటాయి, రెండోవైపువి తెరుచుకుంటాయి. తెరుచుకున్న దారిలో ఆయిల్ చక్రాల్ని తోసే పిస్టన్ మీదికి పోతుంది. చదరపు సెంటీమీటరుకి 70 కిలోల ఒత్తిడి, 30 చదరపు సెంటీమీటర్ల పిస్టన్ అయితే రెండు టన్నుల పైచిలుకు తోపు. చక్రం కదలగానే మెలిక విడిపోతుంది, తోపూ ఆగిపోతుంది.

ఈ చెవి, అంటే కడ్డీ, లావుగా ఉంటే మీరు గట్టిగా తిప్పితే గానీ సాయం రాదు, రోడ్డు చేతికి బాగా తెలుస్తుంది. మరీ సన్నగా ఉంటే ముట్టుకోగానే సాయం వచ్చేస్తుంది, చేతికి ఏమీ తెలియదు. మిమ్మల్ని భయపెట్టినవాళ్లు నడిపింది ఇలాంటి సన్నకడ్డీ కార్లే అయి ఉంటాయి. పంపు బెల్టు తెగితే స్టీరింగే ఉండదన్నది వట్టి అపోహ. కడ్డీ కొంత మెలిపడ్డాక ఇనుముకి ఇనుము తగిలి ఆగుతుంది, ఆపై మీ బలమే నేరుగా చక్రాలకి చేరుతుంది.

అమెరికన్ ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1926లోనే పియర్స్-ఆరో కారుకి హైడ్రాలిక్ సాయం అమర్చి చూపించాడు. మామూలుగా కొనుక్కునే కారులోకి, క్రైస్లర్ ఇంపీరియల్‌లోకి, అది వచ్చింది 1951లో.

పెద్ద ఇంజన్ పక్కన పంపుకీ గొట్టాలకీ చోటు దొరకదు, ఎగ్జాస్టు వేడి ఒకటి. అందుకే ఇప్పుడు చాలామంది డాష్‌బోర్డు కింద ఎలక్ట్రిక్ మోటారు పెట్టిస్తున్నారు. అందులోనూ ఉన్నది అదే కడ్డీ! గాళ్లకి బదులు సెన్సర్ మెలికని కొలుస్తుంది. కాకపోతే పార్కింగులో మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. పాత బ్రిటిష్ కార్లలో విరివిగా వాడిన లూకాస్ సీ40 డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లే, అంతకన్నా ఎక్కువ కరెంటిచ్చే ఆల్టర్నేటర్ వేయించక తప్పదు. పాజిటివ్ ఎర్త్ బండి, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసని బాడీకి కలిపిన బండి, అయితే ముందు దాన్ని మార్చాలి.

సాయం లేని కార్లకి స్టీరింగ్ తేలిగ్గా ఉండాలని కాస్టర్, అంటే చక్రం మలుపు తిరిగే ఇరుసు గీత వెనక్కి వాలే కోణం, తక్కువ పెట్టేవాళ్లు. మలుపు తర్వాత స్టీరింగ్ దానంతటదే మధ్యకి రావడానికి ఆ వాలు ఒక ముఖ్య ఆధారం. మోటారు రాపిడి తోడయ్యాక పాత కోణం చాలకపోవచ్చు, కొన్ని డిగ్రీలు పెంచమని అడగండి.

అన్నిటికన్నా ముందు మీ బండిని ఆ పళ్లేల మీదికి ఎక్కించండి. అక్కడా బిగువుగానే ఉంటే తప్పు టైర్లది కాదు. గ్రీజు ఎండిన కింగ్‌పిన్నో, అంటే చక్రం మలుపు తిరిగే ఇరుసో, బిగించేసిన స్టీరింగ్ బాక్సో పట్టేస్తోంది. పవర్ స్టీరింగ్ పెట్టేశాక ఆ సంగతి మీ చేతికి తెలియదు. రబ్బరు మొరాయించినా తుప్పు మొరాయించినా కడ్డీ ఒకేలా మెలిపడుతుంది, మోటారు ఒకేలా తోస్తుంది.