రెండో చెయ్యి ఏం చేస్తోంది?

మా సరూర్‌నగర్ అపార్ట్‌మెంటు వెనక ఖాళీ జాగాలో ఆదివారం పొద్దున్నే కరాటే క్లాసు. తెల్లబట్టల పిల్లలు వరసలు కట్టి "ఇచ్, నీ, సాన్" అని జపాన్ భాషలో ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతూ గాలిని గుద్దుతుంటారు. ఒక పిడికిలి ముందుకు పోతుంది, రెండోది నడుముకు వస్తుంది. బాల్కనీలో టీ తాగుతూ చూస్తున్న మా అన్న కూతురు అడిగింది: "బాబాయ్, ఆ చెయ్యి నడుముకాడ పెట్టుకుంటే మొహం ఎవరు కాస్తరు?"

ఇంటర్ పిల్ల. రోజూ కోఠీ బస్సులో నిలబడి వెళ్లొస్తుంది, అందుకే ఆ డౌటు. నేను బ్రౌన్ బెల్టు దాకా నేర్చి మానేసినవాణ్ణి. ఆ అయిదేళ్లలో ఒక్కసారీ ఆ మాట అడగలేదు. మాస్టారు పెట్టమన్నారు, పెట్టాను.

ఆ చెయ్యి ఖాళీగా ఉండాల్సింది కాదు. దాని జపాన్ పేరు హికితే, లాగే చెయ్యి. ఎదుటివాడి మణికట్టో చొక్కానో దొరకబుచ్చుకుని నడుం దాకా గుంజి, అదే క్షణంలో రెండో చేత్తో కొట్టాలి. గుంజితే వాడు తూలతాడు. తూలినవాడు ముందు కాళ్లు నిలదొక్కుకోవాలి, కొట్టడం ఆ తర్వాతి మాట. పైగా వాడు మీదికొచ్చే వేగం మన పిడికిలి వేగానికి తోడవుతుంది. ఢీకొనే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వేగం 20 శాతం పెరిగితే శక్తి 44 శాతం పెరుగుతుంది.

ఇంకో లాభం ఉంది, నాకు అన్నిటికన్నా ఇదే పెద్దదనిపిస్తుంది. కంటితో చూసి స్పందించడానికి మనిషికి దాదాపు సెకనులో అయిదో వంతు పడుతుంది, అదీ ఏం రాబోతోందో ముందే తెలిసినప్పుడు. చేయి అందేంత దగ్గర్నుంచి వచ్చే గట్టి గుద్దు ఆలోపే తగులుతుంది. సినిమాల్లోలా చూసి అడ్డుకోవడం అయ్యే పని కాదు. స్పర్శకైతే స్పందన కాస్త తొందరగా వస్తుంది. పట్టుకున్న చెయ్యి కదలగానే మన చేతికి కబురు అందుతుంది, చీకట్లో అయినా సరే.

మరి పట్టుకోవాల్సిన మనిషి ఏమయ్యాడు? 20వ శతాబ్దం మొదట్లో ఇటోసు అంకో అనే గురువు, కరాటే పుట్టిన జపాన్ దీవి ఒకినావా బడుల్లో కరాటే పెట్టించాడు. అంతమంది పిల్లలకు ఒకేసారి నేర్పాలంటే డ్రిల్లే దారి. 1922లో ఆయన శిష్యుడు ఫునకోషి గిచిన్ దాన్ని టోక్యోలో ప్రదర్శించాడు. తర్వాత పాయింట్ల పోటీలు వచ్చి, దూరం నుంచి దూకి తాకి వెనక్కి రావడం ఆట అయింది. ఎదుటి మనిషి పోయాడు, లాగే చెయ్యి నడుం దగ్గర మిగిలిపోయింది. "ఉకే" అన్న మాటకూ ఇదే గతి. క్లాసుల్లో దాన్ని బ్లాక్, అంటే దెబ్బను అడ్డుకోవడం, అంటారు గానీ అసలు అర్థం అందుకోవడం.

చెబితే పిల్ల నమ్మలేదు. మణికట్టు గట్టిగా పట్టుకుని విడిపించుకోమన్నాను. ఉన్నచోటే నిలబడి గింజుకుంది, రాలేదు. పట్టులో నాలుగు వేళ్లు ఒకవైపు, బొటనవేలు ఒక్కటే ఇంకోవైపు. వాటి కొసలు కలిసే సందే బలహీనం. అరడుగు నా వైపు జరిగి, ముంజేతిని తిప్పి సన్నటి అంచును ఆ సందుకు ఎదురుపెట్టి, నడుం తిప్పుతూ ఒక్క విసురున లాక్కోమన్నాను. రెండోసారికి ఊడొచ్చింది. పిడికిలి ఎక్కడ ఆగిందో చూసుకోమన్నాను. నడుముకాడ! నా బొటనవేలు మాత్రం సాయంత్రం దాకా సలిపింది.

ఒక్కసారి వస్తే వచ్చేసినట్టు కాదు. 2012లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు సగటున 13.8 ఏళ్ల అనుభవమున్న 12 మంది బ్లాక్ బెల్టులను, కరాటే రాని మరో 12 మందిని అయిదు సెంటీమీటర్ల దూరం నుంచి గుద్దమన్నారు. బ్లాక్ బెల్టుల దెబ్బే గట్టిది. భుజం, మణికట్టు ఒకే లయలో కదలడం దానికి కీలకమని తేలింది. చిన్నమెదడు నరాల అల్లికలోనూ తేడా కనిపించింది. భయంలో వేళ్లు వణుకుతాయి, నాజూకు పనులు సాగవు. ఎంచుకోవాల్సినవి పెరిగినకొద్దీ స్పందన ఆలస్యమవుతుందని 1952లోనే హిక్ అనే మనస్తత్వవేత్త కొలిచి చూపించాడు. అందుకే, పాతిక కటాలు, అంటే వరసగా కూర్చిన కదలికలు, గాల్లో చేసేవాడికంటే రెండు కదలికలు మనిషి మీద వెయ్యిసార్లు చేసినవాడే నయమంటాను. బెల్టు పరీక్ష ఫీజులు వసూలు చేసేవాళ్లకు ఇది నచ్చదు.

ఇక చట్టం. ఆత్మరక్షణ నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ చెబుతుంది. అవసరానికి మించి కొట్టకూడదని 37 చెబుతుంది. విడిపించుకున్నాక నిలబడి లెక్కలు తేల్చుకోవడం కాదు, జనంలోకి పరుగెత్తి 112కి ఫోన్ చెయ్యాలి.

"మరి బస్సుల వెనకనుంచి చెయ్యేస్తే?" అంది.

కియాయ్ చెయ్యమన్నాను. పొట్ట బిగించి ఊపిరి వదులుతూ అరిస్తే మొండెం గట్టిపడి ఒంటి బలం చేతికి అందుతుంది. బస్సులోనైతే అందరి తలలూ ఇటు తిరుగుతాయి. ముందు నవ్వొచ్చిందామెకు. తర్వాత కళ్లు మూసుకుని గట్టిగా అరిచింది. కింద పిల్లల లెక్క ఆగిపోయింది. వంటింట్లోంచి మా వదిన అట్లకాడతో పరుగెత్తుకొచ్చింది.