క్రిస్మస్ పనులకు వెనక నుంచి లెక్క

పిల్లలూ,

క్రిస్మస్ సంగతులు చెప్పే ఉత్తరం సెప్టెంబరు నెలాఖరులోనే వచ్చిందేమిటా అనుకోకండి. డిసెంబరు 25 ఎవరి కోసమూ ముందుకూ వెనక్కూ జరగదు. మొక్క ఎర్రబడటానికి, గడ్డ పూయడానికి, పిండిబొమ్మ ఎండటానికి, జిగురు ఆరడానికి దేని గడువు దానికుంది. అందుకే ఆ తారీకు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. అలా వస్తే మొట్టమొదటి పని అక్టోబరు 1న తేలుతుంది. అది పాయిన్‌సెట్టియా పని.

క్రిస్మస్ ముందు నర్సరీల్లో కుండీల నిండా ఎర్రగా కనిపించే మొక్క ఇదే. దీని పుట్టిల్లు మెక్సికో. 1820లలో అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న జోయెల్ పాయిన్‌సెట్ దీన్ని తన దేశానికి పంపాడు. ఆయన పేరే మొక్కకు స్థిరపడింది. మనం పువ్వు అనుకునే ఎర్ర రేకులన్నీ నిజానికి ఆకులే. నడిమధ్యన పసుపుపచ్చగా, మిరియాలంత బుడిపెలు ఉంటాయి చూడండి, పూలు అవి. కొత్త మొక్క కొనేటప్పుడు ఆ బుడిపెలు ఇంకా పూర్తిగా విచ్చుకోనిది ఏరుకోండి. అవి రాలిపోయిన మొక్కకు ఎరుపు ఎక్కువ రోజులు నిలవదు.

నిరుటి మొక్క ఇంట్లో ఉందా? అయితే అది ఇప్పుడు పచ్చగానే ఉంటుంది. ఎర్రబడాలంటే రోజుకు 14 గంటల చీకటి కావాలి. మధ్యలో వెలుతురు సోకకూడదు. ఇలా వరసగా 8 నుంచి 10 వారాలు. అక్టోబరు 1న మొదలుపెడితే నవంబరు చివరికో, డిసెంబరు 10కో రంగు నిండుతుంది. సాయంత్రం 5 గంటలకు మొక్క మీద పెద్ద అట్టపెట్టె బోర్లించండి, పొద్దున 7 గంటలకు తీసేయండి. పగలు మాత్రం మంచి వెలుతురులో కనీసం 6 గంటలు ఉండాలి. పగలూ రాత్రీ మూలనే ఉంచితే తిండి తయారు చేసుకోలేక ఆకులు రాల్చేస్తుంది.

ఇందులో నూటికి తొంభై మంది తప్పేది పెట్టె దగ్గరే. అట్ట అతుకుల్లోంచి, చేతికోసం పెట్టిన కంతల్లోంచి వెలుతురు దూరుతుంది. ముందే పరీక్ష చేయండి. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, వెలుగుతున్న టార్చి ఒకటి పెట్టె లోపల పెట్టి, చుట్టూ తిరిగి చూడండి. ఎక్కడ గీతలా వెలుగు కనిపిస్తే అక్కడ నల్లటి టేపు అంటించండి. ఇంకో తప్పు, మధ్యలో "ఎర్రబడిందా లేదా" అని రాత్రిపూట పెట్టె ఎత్తి చూడటం. ఆ ఆత్రం నాకు తెలుసు, కానీ చూడాలనుకుంటే పొద్దున్నే చూడండి.

ఒక్క నిమిషం దీపం వేస్తే ఏమవుతుందని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. మొక్కలు పగలు ఎంత పొడుగో చూసి పూస్తాయని 1920లో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొగాకు మొక్కల మీద పరిశోధించి చెప్పారు. తరవాత 1938లో హామ్నర్, బానర్ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకో మెట్టు ఎక్కారు. పగటిని మధ్యలో చీకటితో విరిచినా మొక్కకు పట్టలేదు. రాత్రిని మధ్యలో కాసేపు దీపంతో విరిస్తే మాత్రం పూత ఆగిపోయింది. అంటే మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, తెగని చీకటిని. ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురు తగలగానే అది రూపు మార్చుకుంటుంది, చీకట్లో మెల్లగా పాత రూపానికి వస్తుంది. మధ్యలో దీపం వేస్తే ఆ లెక్క చెరిగి మళ్లీ మొదటికి వస్తుంది. వీధి దీపం పక్కన పెరిగే పాయిన్‌సెట్టియాకు దీపం వైపు కొమ్మలు పచ్చగా ఉండిపోయి, అవతలి వైపు మాత్రమే ఎర్రబడటానికి కారణం ఇదే. దీపాలకు దూరంగా నేలలో పెరిగే మొక్కకు పెట్టె అక్కర్లేదు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఈ నెలల్లో రాత్రులు వాటంతటవే పెరుగుతాయి కదా.

ఇక కొమ్మల చివర్లు గిల్లడం ఈపాటికే మానేయాలి. రంగు వచ్చేది ఆ చివర్లలోనే. కుండీకి బంగారు కాగితం చుట్టి అమ్ముతారు, దాని అడుగున నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి, కాబట్టి అడుగు చింపేయండి. పైమట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయండి. కొమ్మ విరిగితే కారే తెల్లటి పాలు కొందరి చర్మానికి దురద పెడతాయి, చేతులు కడుక్కోండి. ముట్టుకుంటే చచ్చిపోతారని చెప్పే మాటలు నమ్మకండి. అలాగని నోట్లోనూ పెట్టుకోకండి, కడుపు తిప్పుతుంది.

రెండో పని నవంబరు మొదటి వారంలో, బాకాల్లాంటి పెద్ద పూలు పూసే అమరిల్లిస్ గడ్డ నాటడం. నాటిన 6 నుంచి 8 వారాలకు పూస్తుంది. గడ్డ కంటే చుట్టూ 2, 3 సెంటీమీటర్లు మాత్రమే వెడల్పున్న కుండీ చాలు. గడ్డలో పైన మూడో వంతు మట్టి బయట ఉండాలి. మొత్తం పూడిస్తే మెడ దగ్గర నీళ్లు నిలిచి కుళ్లుతుంది. నాటిన రోజున ఒకసారి బాగా తడిపి, ఆకుపచ్చ మొనో మొగ్గో కనిపించేదాకా చేయి బిగించండి. అప్పటికింకా తాగడానికి దానికి వేళ్లు సరిగా ఉండవు. మొగ్గ లేచాక రెండు రోజులకోసారి కుండీని సగం చుట్టు తిప్పుతూ ఉండండి, లేకపోతే కాడ కిటికీ వైపు వాలిపోయి పూల బరువుకు పడిపోతుంది.

డిసెంబరు మొదటి వారం చేతిపనులది. అన్నిటిలోకీ నాకు ఇష్టమైనది వెదురు నక్షత్రం. దుకాణంలో దొరికే అట్ట నక్షత్రం మడతపెట్టి దాచుకోవచ్చు, నిజమే. కానీ మీ చేత్తో కట్టిన చట్రం ఉంటే ఏటా కాగితం ఒక్కటి మారిస్తే చాలు.

60 సెంటీమీటర్ల పొడవు, చిటికెన వేలి గోరంత వెడల్పు ఉన్న వెదురు బద్దలు 10 కావాలి. గరుకు కాగితంతో అంచులు రుద్దకపోతే పేళ్లు గుచ్చుకుంటాయి. ప్రతి బద్ద మీద రెండు చివర్ల నుంచీ 23 సెంటీమీటర్ల దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టండి. నడుమ 14 మిగులుతుంది. అయిదు బద్దలతో, చేయి ఎత్తకుండా గీసే అయిదు కోణాల నక్షత్రాన్ని నేల మీద పేర్చండి. బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు సరిగ్గా మీ గుర్తుల మీద పడాలి. పడలేదంటే ఏదో ఒక కోణం వంకరగా ఉన్నట్టే. బుట్ట అల్లినట్టు ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి పోనిస్తే చట్రం జారదు. అయిదు కొనలూ దారంతో కట్టండి. లోపలి కూడళ్లను మాత్రం ఇప్పుడే బిగించకండి. మిగిలిన అయిదు బద్దలతో ఇలాంటిదే ఇంకొకటి.

రెండు నక్షత్రాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కొనకు కొన కట్టేయండి. ఇప్పుడు 8 సెంటీమీటర్ల పుల్లలు అయిదు తీసుకుని, లోపలి అయిదు కూడళ్ల దగ్గర రెండు నక్షత్రాల మధ్యా నిలబెట్టి కట్టండి. బల్లపరుపుగా ఉన్నది అప్పుడు పొట్ట ఉబ్బి నిజమైన నక్షత్రం అవుతుంది. ఎండిపోయిన వెదురు ఇక్కడే పుటుక్కుమంటుంది. పుల్లలు పెట్టే ముందు బద్దల నడిమి భాగానికి తడిగుడ్డ చుట్టి గంటసేపు ఉంచితే వంగుతుంది. పుల్లలన్నీ ఒకే కొలతలో లేకపోతే నక్షత్రం మూతి తిప్పినట్టు కనిపిస్తుంది, అందుకని అయిదూ కలిపి పట్టుకుని ఒకేసారి కోయండి.

కాగితం లెక్క ఇది. 14 సెంటీమీటర్ల అడుగు, 23 సెంటీమీటర్ల పక్కలు ఉన్న త్రిభుజాలు 10. 8 సెంటీమీటర్ల అడుగు, 23 పక్కలు ఉన్న సన్నవి 10. ముందూ వెనకా నడిమికి 14 సెంటీమీటర్ల భుజంతో పంచభుజాలు 2. అన్నిటికీ చుట్టూ ఒకటిన్నర సెంటీమీటరు అదనంగా వదలండి, బద్ద మీదుగా మడిచి అంటించడానికి. జిగురుకు రెండు చెంచాల మైదా కప్పు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, గరిట తిప్పుతూ పారదర్శకంగా అయ్యేదాకా ఉడికించండి. పలచగా పూయాలి. ఎక్కువైతే పలచటి కాగితం తడిసి చిరుగుతుంది, ఆరేసరికి ముడతలు పడుతుంది. వెనకవైపు పంచభుజాన్ని ఒక అంచుకే అంటించండి, అది తలుపన్నమాట. లోపల చిన్న ఎల్‌ఈడీ దీపమే పెట్టాలి. కొవ్వొత్తి వద్దు, వేడెక్కే పాత రకం బల్బూ వద్దు. కాగితం కదా.

చిన్నవాళ్లకు పిండిబొమ్మలు ఇవ్వండి. రెండు కప్పుల మైదా, ఒక కప్పు మెత్తటి ఉప్పు, దాదాపు ఒక కప్పు నీళ్లు. నీళ్లు ఒక్కసారే కాక కొద్దికొద్దిగా పోస్తూ పది నిమిషాలు పిసకాలి. అర సెంటీమీటరు మందాన ఒత్తి, ఆకారాలు కోసి, దారం పట్టేలా స్ట్రాతో కంత పెట్టండి. కంత అంచుకు మరీ దగ్గరైతే తెగుతుంది. ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర 2, 3 గంటలు పడుతుంది. త్వరగా అవ్వాలని వేడి పెంచితే లోపలి నీరు ఆవిరై బొమ్మ బూరెలా పొంగుతుంది. ఓవెన్ లేకపోతే నాలుగయిదు రోజులు, రోజూ తిరగేస్తూ ఆరనివ్వండి. ఉప్పు గాలిలోని తేమను పీలుస్తుంది కాబట్టి రంగు ఆరాక రెండు వైపులా వార్నిష్ వేయాలి, ఒకవైపే వేస్తే మెత్తబడుతుంది. కుక్క ఉన్న ఇంట్లో ఇవి అందనంత ఎత్తున కట్టండి. అంత ఉప్పు దానికి ప్రాణం మీదికి తెస్తుంది.

కాగితపు మంచుపూలు ఒక్క సాయంత్రం పని. ఆరు కోణాలే రావాలి, ఎనిమిది కాదు. కాగితాన్ని సగానికి మడిచాక మళ్లీ సగానికి మడవకుండా మూడు సమాన భాగాలుగా, 60 డిగ్రీల చొప్పున మడవండి. నిజం మంచుపూలకు ఆరు మూలలే ఎందుకని 1611లో కెప్లర్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఒక చిన్న పుస్తకమే రాశాడు. గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు ఆరేసి చొప్పున వలయాలుగా అమరడమే కారణమని ఆయన తరవాత చాలా కాలానికి తేలింది.

నిజం క్రిస్మస్ చెట్టు తెచ్చుకునేవాళ్లు దాన్ని నిలబెట్టే ముందు మొదలు 2, 3 సెంటీమీటర్లు అడ్డంగా కోసి వెంటనే నీళ్లలో పెట్టాలి. ఆలస్యమైతే కోసిన చోట బంక కమ్మి నీళ్లు తాగదు. మొదటి రోజు తొట్టిని రెండుసార్లు చూడండి, చాలా తాగేస్తుంది.

ఇవన్నీ తరవాత. ఈ ఆదివారం చేయాల్సింది మొక్క ఆకులకు తగలనంత పెద్ద అట్టపెట్టె వెతికి, టార్చి పరీక్ష చేయడం. 1వ తారీకు సాయంత్రం 5 గంటలకు పెట్టె బోర్లించాలి. పొద్దున 7 గంటలకు ఎవరు తీస్తారో ఇప్పుడే వంతులు రాసుకుని గోడకు అంటించండి.

మీ
తాతయ్య