సూదిలో దారం ఎక్కనప్పుడు

మొన్న మా ఆవిడ జ్వరం మాత్రల షీటు ఇచ్చి ఎక్స్‌పైరీ డేటు చూడమంది. వెండి రేకు మీద అంకెలు చీమల బారులా ఉన్నాయి. కాస్త దూరం జరిపాను, ఇంకాస్త జరిపాను, చివరికి ట్యూబులైటు కిందికి వెళ్లాను. "చత్వారం వచ్చిందండీ మీకు" అని నవ్వింది.

సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. ఆ వయసులో వచ్చేది కాబట్టి చత్వారం. జబ్బు పేరులోనే తారీఖు వేసి పెట్టారు మనవాళ్లు!

నిజానికి ఇది జబ్బు కాదు. కంటిపాప వెనక ఓ పారదర్శకమైన కటకం, దాని చుట్టూ ఉంగరంలా ఓ కండరం, రెండింటినీ కలుపుతూ సన్నని పోగులు ఉంటాయి. దూరం చూసేటప్పుడు పోగులు బిగుసుకుని కటకాన్ని చదునుగా ఉంచుతాయి. పుస్తకం దగ్గరికి తెస్తే కండరం ముడుచుకుంటుంది, పోగులు వదులవుతాయి, కటకం ఉబ్బుతుంది. చిక్కేమిటంటే, ఈ కటకం మీద జీవితాంతం ఉల్లిపాయలా కొత్త పొరలు చేరుతూనే ఉంటాయి. చర్మంలాగా పాతది పొట్టు రాలిపోదు, లోపలే ఇరుక్కుపోతుంది. అలా గట్టిపడిన కటకం ఇక ఉబ్బనంటుంది. పదేళ్ల పిల్లాడు ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలోని అక్షరాన్నీ చదివేస్తాడు. అరవైలో అదే అక్షరం దాదాపు మీటరు దూరం జరగాలి.

కాబట్టి తప్పు ఫోనుది కాదు. క్యారెట్లు తిన్నా, కళ్లు గుండ్రంగా తిప్పినా ఇది ఆగదు. అద్దాలు పెడితే అలవాటై నంబరు పెరుగుతుందని భయపడేవాళ్లున్నారు. పెట్టుకోకపోయినా పెరుగుతుంది, తలనొప్పి అదనం.

అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన సుమారు 750 మంది కూలీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకే దగ్గరచూపు అద్దాలిచ్చారు. 2018లో ఫలితాలు వెలువడ్డాయి: అద్దాలు లేనివాళ్లకంటే వీళ్ల కోత 21.7 శాతం మేర ఎక్కువ పెరిగింది. మగ్గం ముందు, కుట్టుమిషన్ ముందు కూర్చునేవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

అలాగని దుకాణంలో రెడీమేడ్ అద్దాలు కొనుక్కుని సరిపెట్టుకోవద్దు. కంటినరాన్ని దెబ్బతీసే నీటికాసులు (గ్లకోమా) కూడా నలభై దాటాకే ఎక్కువ. చాలామందిలో నొప్పి ఉండదు, ముందు పక్కచూపు పోతుంది, పోయింది మళ్లీ రాదు. కంటి ఒత్తిడి, నరం చూసే పరీక్షలోనే అది పట్టుబడుతుంది. షుగరుంటే ఏడాదికోసారి రెటీనా కూడా చూపించుకోవాలి.

మా పెద్దమ్మ డెబ్బై దాటాక అద్దాలు తీసేసి పంచాంగం చదవడం మొదలుపెట్టింది. చూపు తిరిగొచ్చిందని ఇంట్లో ఒకటే సంబరం. వీధిలో వచ్చేదెవరో మాత్రం గుర్తుపట్టలేకపోయేది. కటకం నడిమిన శుక్లం ముదిరితే దాని పవర్ మారి, కొన్నాళ్లు దగ్గరచూపు ఇలా బాగుపడుతుందని డాక్టరు చెప్పారు. ఆపరేషన్ చేసి, దూరపు చూపుకు సరిపడే లెన్సు వేశారు. ఇప్పుడు వీధి చివరి మనిషినీ పోల్చుకుంటుంది. పంచాంగానికి మాత్రం మళ్లీ అద్దాలు కావాలి. ఆ డాక్టరు ఉన్న చూపు కాస్తా పోగొట్టాడని ఇప్పటికీ తిడుతూనే ఉంది.