ఫోటో మసకగా వస్తే కంపెనీ మారాలా? టెలిఫోటో లెన్సులపై అపోహలు – వాస్తవాలు

"పక్షుల ఫోటోలన్నీ మసకగా వస్తున్నాయి సార్. ఇది అమ్మేసి వేరే కంపెనీకి మారిపోదామనుకుంటున్నాను. వాళ్ల స్టెబిలైజేషన్ చాలా బాగుంటుందట." వన్యప్రాణుల ఫోటోగ్రఫీ నేర్పే నాకు ఈ మాట వినపడని నెల లేదు. ఎవరో అన్నది పట్టుకుని కెమెరా బాడీ, లెన్సులు, ఫ్లాష్ అన్నీ వచ్చిన ధరకు వదిలించుకుంటారు. కొత్త కంపెనీ లెన్సుతోనూ అదే మసక వచ్చినప్పుడు వాళ్ల ముఖం చూడలేం.

అపోహ: స్టెబిలైజేషన్ ఉంటే ఫోటో మసకబారదు

జనం డబ్బు ఎక్కువగా పోతున్నది దీని వల్లే. స్టెబిలైజేషన్‌కు ఒక్కో కంపెనీ ఐఎస్, వీఆర్, ఓఎస్‌ఎస్, వీసీ అని ఏ పేరు పెట్టినా అది సరిదిద్దేది మీ చేతి వణుకును మాత్రమే. లెన్సులోని జైరో సెన్సర్లు కెమెరా ఎటు ఒరుగుతోందో పసిగడతాయి, లోపలి ఒక గాజు భాగం దానికి ఎదురు దిశలో జరుగుతుంది. ఎదుటి పిట్ట రెక్క విదిల్చిన సంగతి ఆ సెన్సర్లకు తెలిసే దారే లేదు.

లెన్సు పెట్టె మీద 4 స్టాపులు అని ఉంటుంది. ఒక్కో స్టాపుకు షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని రెట్టింపు చేసుకోవచ్చని దాని అర్థం. 400 ఎంఎం లెన్సును, అంటే దూరపు పక్షిని దగ్గరగా చూపే పొడవాటి టెలిఫోటోను, చేత్తో పట్టుకుంటే మామూలుగా 1/400 సెకను షట్టర్ వేగం కావాలి. 4 స్టాపుల సాయముంటే 1/25 దాకా దిగవచ్చు. కానీ ఆ అంకెను కొలిచేది కెమెరాను కంపన యంత్రం మీద బిగించి, కదలని చార్టును ఫోటో తీసి. కొమ్మ మీద కునుకు తీస్తున్న గుడ్లగూబకు అది పనికొస్తుంది. ఎగిరే పక్షికి 1/1600 కావాలి, చిన్న పిట్టకు 1/2500 కూడా చాలకపోవచ్చు. అంత వేగంలో చేతి వణుకు పెద్దగా కనిపించదు. దృశ్యం నిలకడగా కనిపించి పక్షిని వెంబడించడం తేలికవుతుందన్న లాభం మాత్రం నిజం.

ఈమధ్య ఒక శిష్యురాలు తన సరంజామా మొత్తం అమ్మకానికి పెట్టేసి నా దగ్గరకు వచ్చింది. ఆమె తీసిన ఫోటోను తెరపై పూర్తి పరిమాణానికి పెంచి చూశాం. కొమ్మ బెరడులోని పగుళ్లు, బెరడును పట్టుకున్న గోళ్ల వంపు చక్కగా కనిపిస్తున్నాయి. తల, రెక్క మాత్రం ఈకల జాడే లేని మరకలా ఉన్నాయి. షట్టర్ వేగం 1/200.

"ఇంత తక్కువ ఎందుకు పెట్టావమ్మా?"

"ఐఎస్‌ఓ 800 దాటితే ఫోటో పాడైపోతుందన్నారు సార్."

అసలు జబ్బు ఇదీ! ఐఎస్‌ఓ అంటే వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె. అది పెంచితే షట్టర్ వేగం పెంచుకోవచ్చు, కానీ ఫోటోలో నాయిస్, అంటే గరుకు చుక్కలు, పెరుగుతుంది. నాయిస్‌ను తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిపోయిన రెక్కను ఉన్నదున్నట్టు ఎవరూ తిరిగి తేలేరు. అదే వెలుగులో, అదే లెన్సుతో ఐఎస్‌ఓ 6400, షట్టర్ 1/1600 పెట్టించాను. కంటి చుట్టూ ఉన్న సన్నని ఈకలు విడివిడిగా వచ్చాయి. కాస్త గరుకుగా ఉంది, ఉండనివ్వండి. అమ్మకం ప్రకటన ఆ సాయంత్రమే తీసేసింది.

కాబట్టి కంపెనీని తిట్టే ముందు ఫోటోను పెంచి చూడండి. కొమ్మ స్పష్టంగా ఉండి పిట్ట మసకైతే కదిలింది పిట్ట, షట్టర్ వేగం పెంచాలి. కొమ్మ, పిట్ట, వెనక ఆకు అన్నీ ఒకే దిశకు సాగినట్టుంటే కదిలింది మీ చేయి, స్టెబిలైజేషన్ అక్కరకొచ్చేది ఇక్కడే. వెనక ఆకు పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. మండే ఎండలో దూరాన ఉన్నవన్నీ అలల్లా తేలుతుంటే అది వేడి గాలి పని, దగ్గరికి వెళ్లడమో పొద్దున్నే రావడమో తప్ప మందు లేదు.

అపోహ: బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే లెన్సులో అక్కర్లేదు

బాడీలోని స్టెబిలైజేషన్ బొమ్మ పడే సెన్సర్‌నే కదిలిస్తుంది. కెమెరా డిగ్రీలో పదోవంతు ఒరిగిందనుకోండి. 50 ఎంఎం లెన్సుతో బొమ్మ సెన్సర్ మీద 0.1 ఎంఎం కూడా జరగదు. 400 ఎంఎంతో దాదాపు 0.7 ఎంఎం జరుగుతుంది. సెన్సర్ కదలడానికి ఉన్న చోటు కొద్దిదే. అందుకే పొడవాటి లెన్సుకు లోపలి స్టెబిలైజేషన్ ఇంకా విలువైనదే. చాలా కెమెరాలు రెండింటినీ కలిపి వాడుకుంటాయి.

అపోహ: ఒకసారి కొన్న కంపెనీనే జీవితాంతం అంటిపెట్టుకోవాలి

లెన్సును కెమెరాకు బిగించే అమరికను మౌంట్ అంటారు. కెనాన్ 1987లో ఈఎఫ్ మౌంట్ తెచ్చి, పాత ఎఫ్‌డీ మౌంట్ లెన్సుల వాళ్లను వెనక వదిలేసింది. నికాన్ 1959 నాటి ఎఫ్ మౌంట్‌ను దశాబ్దాలు నడిపి, 2018లో జెడ్ మౌంట్ తెచ్చింది. కెనాన్ ఆర్ఎఫ్ కూడా అదే ఏడాది వచ్చింది. పాత లెన్సులను కొత్త మౌంట్‌కు తగిలించే అడాప్టర్లు ఇచ్చారు కాబట్టి ఈసారి దెబ్బ తక్కువ తగిలింది. కంపెనీలు వాటి అవసరాన్ని బట్టి నడుస్తాయి, మీరు మీ అవసరాన్ని బట్టి నడవండి. మీ మౌంట్‌లో మీకు కావలసిన లెన్సు అసలే లేదా, మారండి, తప్పేమీ లేదు. ఉన్న లెన్సులు మీ పని చేస్తుంటే ఉండిపోవడానికి ఆ కారణం చాలు. మారే ముందు ఆ లెన్సును రెండు రోజులు అద్దెకు తెచ్చి మీ పక్షుల మీదే వాడి చూడండి.

మిగతావి క్లుప్తంగా. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఆపాలన్నది పాత లెన్సులకు చాలావరకు నిజం, కొత్తవాటిలో చాలా లెన్సులు ట్రైపాడ్‌ను గుర్తుపడతాయి, మీ లెన్సు పుస్తకం చూసుకోండి. వాడిన లెన్సు కొనేటప్పుడు పేరులో ప్రతి అక్షరం చదవండి: నికాన్ ఏఎఫ్-పీ 70-300 డీఎక్స్ లెన్సు వీఆర్‌తోనూ, వీఆర్ లేకుండానూ వచ్చింది. ఇక లెన్సును ఊపితే లోపల గలగలమందని కంగారుగా రాసేవాళ్లకు: కెమెరా ఆపి ఉన్నప్పుడు కొన్ని లెన్సుల్లో స్టెబిలైజేషన్ భాగం వదులుగా ఉండి చప్పుడు చేస్తుంది. కెమెరా ఆన్ చేసి షట్టర్ బటన్ సగం నొక్కండి. దృశ్యం నిలకడగా ఉంటే భయపడకండి, మీ లెన్సుకేమీ కాలేదు.