ఫారమ్‌లు, ఫైల్ అప్‌లోడ్‌లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: బ్రౌజర్‌లో చెక్ పెట్టాం కదా, సర్వర్‌లో మళ్లీ ఎందుకు?

వాస్తవం: రిక్వైర్డ్, మ్యాక్స్‌లెంగ్త్, జావాస్క్రిప్ట్ చెక్‌లు అన్నీ ఫారమ్ నింపేవాళ్ల సౌకర్యానికే. కర్ల్ అనే కమాండ్ టూల్‌తో ఒక్క లైన్ కొడితే చాలు, మీ పేజీ తెరవకుండానే డేటా నేరుగా స్క్రిప్ట్ దగ్గరికి వచ్చేస్తుంది. హిడెన్ ఫీల్డ్ (పేజీలో కనబడని ఫీల్డ్) కూడా అంతే, దాన్నీ మార్చి పంపొచ్చు. అందులో ధర పెట్టి, తిరిగొచ్చిన ఆ ధరకే బిల్లు వేసే కోడ్ ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

అపోహ: టైప్ జేపెగ్ అని వచ్చింది, అంటే ఫొటోనే.

వాస్తవం: సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ భాషలో, అప్‌లోడ్ వివరాలుండే ఫైల్స్ అర్రేలో కనిపించే ఆ టైప్ సర్వర్ తేల్చింది కాదు, పంపినవాళ్లు రాసి పంపిందే. ఫైల్ లోపలికి చూడ్డానికి ఫైల్‌ఇన్ఫో అనే పీహెచ్‌పీ సాధనం వాడతారు, మంచిదే, కానీ మొదటి ఆరు బైట్లలో 'జిఫ్89ఎ' అని పెట్టి వెనకాల పీహెచ్‌పీ కోడ్ అతికించిన ఫైల్‌ను కూడా అది జిఫ్ బొమ్మే అంటుంది. దాన్ని డాట్ పీహెచ్‌పీ పేరుతోనే వెబ్ ఫోల్డర్‌లో సేవ్ చేశారా, ఇక ఎవరైనా యూఆర్ఎల్ కొట్టి నడిపించేస్తారు. అందుకే వచ్చిన పేరును నేను డిస్క్ మీద అస్సలు వాడను: ర్యాండమ్ పేరు, నా లిస్టులోని ఎక్స్‌టెన్షన్, చోటు వెబ్ రూట్ (యూఆర్ఎల్‌తో తెరవగలిగే ఫోల్డర్) బయట. అసలు పేరు డేటాబేస్‌లో ఉంటుంది, చూపించేటప్పుడు ఎస్కేప్ చేస్తాను, అంటే కోడ్‌గా నడవకుండా మామూలు అక్షరాలుగా మారుస్తాను (పేరులోనే స్క్రిప్ట్ ట్యాగ్ పెట్టే మహానుభావులున్నారు).

అపోహ: సైజు ఎక్కువైతే ఎర్రర్ వస్తుంది.

వాస్తవం: అన్నిసార్లూ రాదు. పీహెచ్‌పీలో ఒక్కో ఫైల్‌కు డిఫాల్ట్ లిమిట్ 2 ఎంబీ, అది దాటితే ఎర్రర్ కోడ్ 1 చక్కగా వస్తుంది. మొత్తం పోస్ట్‌కు (ఫారమ్ పంపే డేటా అంతటికీ) ఉన్న డిఫాల్ట్ 8 ఎంబీ దాటితే మాత్రం పోస్ట్, ఫైల్స్ అర్రేలు రెండూ ఖాళీ అయిపోతాయి, స్క్రిప్ట్ ఏమీ జరగనట్టు నడుస్తుంది. ఓసారి 'టోకెన్ (ఫారమ్ మన పేజీ నుంచే వచ్చిందా అని చూసే రహస్య కోడ్) సరిపోలలేదు' అని వస్తుంటే సగం రోజు సెషన్ కోడ్ తవ్వుతూ కూర్చున్నా. తీరా చూస్తే యూజర్ పెద్ద వీడియో పెట్టాడు, టోకెన్ కూడా మిగతా ఫీల్డులతో పాటే మాయమైంది. ఇప్పుడైతే కంటెంట్ లెంగ్త్ (వచ్చిన డేటా సైజు) ఉండి రెండు అర్రేలూ ఖాళీగా ఉంటే 'ఫైల్ చాలా పెద్దది' అని ముందే చెప్పేస్తాను. పీహెచ్‌పీకి ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటే డిఫాల్ట్‌గా 1 ఎంబీ దాటగానే 413 ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆపేస్తుంది, పీహెచ్‌పీ దాకా రానే రాదు.

అపోహ: ఫారమ్‌కు పోస్ట్ పద్ధతి వాడితే డేటా సేఫ్.

వాస్తవం: యూఆర్ఎల్‌లో కనబడదు, అంతే. దారిలో దాచేది హెచ్‌టీటీపీఎస్.

అపోహ: ఫైల్ రావట్లేదంటే సర్వర్ సెట్టింగ్ తప్పు.

వాస్తవం: ముందు ఫారమ్ ట్యాగ్ చూడండి. ఎన్‌క్‌టైప్ (డేటా ఏ రూపంలో పంపాలో చెప్పేది) మల్టీపార్ట్ అని పెట్టకపోతే ఫైల్ పేరు మాత్రమే వస్తుంది, ఫైల్ రాదు.