హిస్టరీ షీట్ నుంచి ఆధార్ దాకా: గోప్యత హక్కు వెనక కథ

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తేల్చినప్పుడు, అది ఆధార్‌తో పుట్టిన గొడవే అనుకున్నవాళ్లు చాలామంది. అసలు తగాదా అంతకు చాలా ముందే ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషితో మొదలైంది.

1941లో ఆయన మీద దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. పోలీసులు మాత్రం వదల్లేదు, హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రిళ్లు చౌకీదార్లు, కానిస్టేబుళ్లు వచ్చి తలుపు బాదడం, కేకలేసి నిద్ర లేపడం. ఊరు దాటాలంటే ఎక్కడికో చెప్పి వెళ్లాలి. మన దగ్గర రౌడీషీట్ సంగతి తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1962 డిసెంబర్‌లో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పిచ్చారు. రాత్రిపూట ఇంటి మీదికి పోవడం చెల్లదు గానీ, మిగతా నిఘా చెల్లుతుందని మెజారిటీ అంది. గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదట! మరి అలాంటప్పుడు అర్ధరాత్రి తలుపు కొడితే మాత్రం తప్పేంటి? ఈ పొంతన లేనితనాన్ని 2017 నాటి ధర్మాసనమూ ఎత్తిచూపింది.

మెజారిటీతో విభేదించినవారు ఇద్దరు. ఒకరు జస్టిస్ షా, ఇంకొకరు మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. పోలీసు కన్ను వెంటాడుతుంటే తిరిగేది స్వేచ్ఛగా తిరగడం కాదు, అలాంటివాడికి దేశమంతా జైలేనని సుబ్బారావు రాశారు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమన్నారు. అయితే విభేదించిన తీర్పుకు గౌరవమే గానీ బలం ఉండదు.

ఆ తర్వాత చిన్న ధర్మాసనాలు కొంచెం కొంచెంగా ఆయన దారికే వచ్చాయి. 1997లో ఫోన్ ట్యాపింగ్ కేసులో ఈ హక్కును గుర్తించారు. అంతకుముందే, 1983లో మన హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, కాపురానికి రమ్మని భార్యను కోర్టు బలవంతపెట్టడం గోప్యతకు భంగమన్నారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

2015లో ఆధార్ మీద విచారణ జరుగుతుంటే కేంద్రం పాత ఫైళ్లు దులిపింది. 1954లో ఎనిమిదిమంది, 1962లో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనాలు కాదన్నాయి కాబట్టి గోప్యత ప్రాథమిక హక్కే కాదని వాదించింది. ఎనిమిదిమంది మాటను తిరగరాయాలంటే అంతకంటే పెద్ద ధర్మాసనమే కావాలి, దాంతో తొమ్మిదిమందిని కూర్చోబెట్టక తప్పలేదు. వారిలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ ఒకరు. తీర్పు ఏకగ్రీవం, సుబ్బారావు మాటే నెగ్గింది. అదే తీర్పులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్, ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ (అక్రమంగా నిర్బంధించినవారిని విడిపించమనే పిటిషన్) అడగడానికి వీల్లేదన్న 1976 నాటి సుప్రీంకోర్టు నిర్ణయాన్నీ తప్పన్నారు. అప్పుడు ఆ మెజారిటీలో ఉన్నవారిలో ఆయన తండ్రి ఒకరు.

2018లో సుప్రీంకోర్టు సంక్షేమ పథకాలకు ఆధార్‌ను ఉంచి, బ్యాంకు ఖాతాలకు, సిమ్ కార్డులకు తప్పనిసరి కాదంది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో తన సంస్థల్లో దేన్నైనా దాన్నుంచి మినహాయించే అధికారం మాత్రం కేంద్రం తన దగ్గరే ఉంచుకుంది.